మారణహోమంలో హోమం ఎవరిది?

తెలుగు మాటల మీద మాట్లాడుకునే మన గ్రూపులో నేను పెట్టిన పోస్టూ, దాని కింద వచ్చిన కామెంట్లూ ఇవి. ముందు గొడవ చెప్తాను, ప్రశ్న తర్వాత.

ఒక పత్రికకి వ్యాసం రాశాను. హిట్లర్ కాలంలో యూదు కుటుంబాలు ఎలా చెల్లాచెదురయ్యాయి, ఎవరెవరు బతికి బయటపడ్డారు అన్న కథలతో వచ్చిన టీవీ సీరియళ్ళ మీద. నాజీలు యూదుల్ని మూకుమ్మడిగా చంపినదానికి పేరైన 'హోలోకాస్ట్' అన్న మాట అందులో 14 చోట్ల వచ్చింది. ఎడిటర్ గారు 14 చోట్లా కొట్టేసి 'మారణహోమం' చేశారు. "తెలుగు మాట ఉండగా ఇంగ్లీషు ఎందుకమ్మా?" అన్నారు. మామూలుగా అయితే నేనూ ఆ పక్షమే. కానీ ఇప్పుడు నా వ్యాసంలో ఒక వాక్యం ఇలా తయారైంది: "మారణహోమం అనే అమెరికన్ సీరియల్ వల్లనే జర్మన్లకు మారణహోమం అనే మాట తెలిసింది."

అసలు సంగతి ఇదీ. 1978 ఏప్రిల్‌లో అమెరికాలో ఎన్‌బీసీ టీవీ వాళ్ళు వరసగా నాలుగు రాత్రులు 'హోలోకాస్ట్' అనే సీరియల్ వేశారు. బెర్లిన్‌లో వైస్ అనే డాక్టర్ గారింటి కథ. కల్పిత కుటుంబమే. ఇంకా పెద్ద స్టార్ కాని మెరిల్ స్ట్రీప్ ఆ ఇంటికి కోడలుగా వచ్చిన, యూదురాలు కాని పిల్ల. మరుసటి జనవరిలో అది పశ్చిమ జర్మనీలో వచ్చింది. రావడానికి కొద్ది రోజుల ముందు టీవీ ప్రసార కేంద్రాల దగ్గర బాంబులు పేలాయి. అయినా సుమారు 2 కోట్ల మంది చూశారు. ప్రతి భాగం అయ్యాక చరిత్రకారులు స్టూడియోలో కూర్చుంటే వేలమంది ఫోన్లు చేశారు. ఆ జులైలోనే, హత్యానేరానికి కాలదోషం పట్టకుండా వాళ్ళ పార్లమెంటు చట్టం మార్చింది. ఆ సీరియల్ ఒక్కటే కారణం అనను, కానీ ఆ వేడి దాన్నుంచి కూడా వచ్చింది. ఇక మన గ్రూపుకి సంబంధించిన ముక్క: 1979కి జర్మన్ భాషా సంఘం 'సంవత్సరపు మాట'గా ఎంచింది 'హోలోకాస్ట్'నే. తమ గడ్డ మీద, తమ భాషలో ఫైళ్ళు రాసుకుని చేసిన పనికి పేరు వాళ్ళకి అమెరికా టీవీ నుంచి రావాల్సొచ్చింది. చెప్పాలనుకున్నదే ఇది. 'మారణహోమం' పెట్టగానే అది కాస్తా ఎగిరిపోయింది.

అయితే ఈ వాక్యం ఒక్కటే నా బాధ కాదు. మారణహోమం అన్న మాటే ఇక్కడ సరిపోతుందా?

తెనాలి మాస్టారు: ఎడిటర్ గారి తరఫున కాస్త వకాల్తా పుచ్చుకుంటానమ్మా. కాకపోతే ఆయనకీ మనకీ తెలియాల్సింది ఒకటుంది. మంత్రశాస్త్రంలో షట్కర్మలని ఉన్నాయి: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. శత్రువు చావాలని చేసే హోమం మారణహోమం. అందులో శత్రువు గుండంలో పడడు. గుండంలో పడేవి సమిధలూ వగైరా. శత్రువు ఎక్కడో తన ఇంట్లో తాను చస్తాడు, చస్తే! మనుషుల్నే గుండంలో వేసినట్టు చెప్పే అర్థం పత్రికల చేతిలో పడ్డాక స్థిరపడింది. ఆ అర్థానికి మన కథల్లో సరైన పోలిక కావాలంటే సర్పయాగం. తండ్రిని ఒక పాము కరిచిందని, ఉన్న పాములన్నిటినీ అగ్నిలోకి రప్పించాడు జనమేజయుడు. ఒకడి మీది కోపాన్ని జాతి మొత్తం మీద తీర్చుకోవడం అనే ఊహ మనకి నన్నయ నుంచీ తెలుసు.

గుంటూరు నుంచి ఒక చెల్లి: మాస్టారూ, మీరు నన్నయ దాకా వెళ్ళారు. మా అమ్మమ్మ బైబిల్ దాకా వస్తే చాలు. హోలోకాస్ట్‌కి అక్షరాలా సరిపోయే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది: సర్వాంగహోమం. 51వ కీర్తన ఆఖరి వచనం చూడండి, 'దహనబలులును సర్వాంగహోమములును'. గ్రీకు బైబిల్లో ఆ చోట ఉన్నది ఇంగ్లీషు హోలోకాస్ట్‌కి మూలమైన మాటకి తోబుట్టువే. హోలోస్ అంటే మొత్తం, కౌస్టోస్ అంటే కాలినది. పశువులో ఏ భాగమూ మిగుల్చుకోకుండా పూర్తిగా కాల్చి అర్పించడం. ఎవరు అనువదించారో గానీ ఎంత సరిగ్గా పట్టుకున్నారో!

కానీ ఆ వచనంలో ఆ మాటల వెంటనే ఏముందో కూడా చూడండి. 'నీకు అంగీకృతములగును.' దేవుడు ఇష్టపడి తీసుకునే అర్పణ అది. నాజీలు యూదుల్ని చంపిన ఆష్విట్జ్ క్యాంపు పక్కన ఆ మాట పెట్టి ఒక్కసారి చదవండి.

పోస్టు పెట్టిన నేను: చెల్లీ, నా నోట్లో నలుగుతున్నది నువ్వు చెప్పేశావు. చాలామంది యూదులకి హోలోకాస్ట్ అన్న పేరు మింగుడుపడనిది అందుకే. బలి అంటే ఇచ్చేవాడు ఉండాలి, పుచ్చుకునేవాడు ఉండాలి, ఒక ఫలం ఉండాలి. మన హోమమూ అంతే. యజమాని ఎవరు? దేవత ఎవరు? చచ్చిన 60 లక్షల మంది హవిస్సా? ఆ లెక్కన పేరు కూడా చంపినవాడి వైపు నుంచి పెట్టినట్టవుతుంది.

వాళ్ళు హీబ్రూలో వాడేది 'షోఆ'. వినాశం, ఉపద్రవం. అందులో గుండమూ లేదు, దేవుడూ లేడు. బైబిల్లో యెషయా 10వ అధ్యాయంలో దూరం నుంచి వచ్చే వినాశం అన్న చోట ఉన్నది ఈ మాటే. ఇజ్రాయెల్‌లో 1953లో యాద్ వషేమ్ స్మారక సంస్థ పెట్టేనాటికే అది స్థిరపడింది. 1985లో క్లోద్ లాంజ్‌మన్ తీసిన తొమ్మిది గంటల పైచిలుకు డాక్యుమెంటరీ పేరు కూడా అదే. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళ నోట హోలోకాస్ట్ కన్నా అదే ఎక్కువ వినిపిస్తుంది. తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్ మాట్లాడేవాళ్ళు మాత్రం 'ఖుర్బన్' అంటారు. పూర్వం యెరూషలేము ఆలయం రెండుసార్లు నేలమట్టమైనప్పుడు వాడిన మాట. పాత దుఃఖం వరసలోనే దీన్నీ చేర్చుకున్నారన్నమాట.

వరంగల్ తమ్ముడు: అక్కా, మీరందరూ మూలాల్లోకి పోతున్నారు. పేపర్ చదివేవాడికి మూలం గుర్తుంటుందా? 'బస్సు దగ్ధం, ప్రయాణికులు ఆహుతి' అని రాస్తారు. ఆహుతి ఎవరికి అని ఎవరైనా అడిగారా? 'ప్రమాదానికి బలి' అంటాం. కోడినో మేకనో తలుచుకుంటామా? హోమం కూడా అట్లనే అరిగిపోయింది. అంత పట్టింపు ఉంటే ఊచకోత అనండి. అచ్చ తెలుగు, దేవుడి గోల లేదు.

పోస్టు పెట్టిన నేను: అరిగిపోయిందన్న మాట ఒప్పుకుంటా. కానీ ఊచకోత దగ్గర రెండు ఇబ్బందులు, తమ్ముడూ. ఒకటి విచిత్రమైనది. 1943 నవంబర్ 3, 4 తేదీల్లో పోలండ్‌లోని మైదానెక్, ఇంకో రెండు క్యాంపుల్లో సుమారు 42 వేలమంది యూదుల్ని కాల్చి చంపారు. ఆ పనికి నాజీలు పెట్టుకున్న పేరు 'ఎర్న్‌టెఫెస్ట్'. అంటే కోతల పండగ. ఆ సంగతి తెలిశాక కోత అని రాయడానికి చెయ్యి రావట్లేదు.

రెండోది అసలైనది. ఊచకోత అంటే మనకి కత్తులూ తుపాకులూ పట్టుకుని ఒక ఊరి మీద పడ్డట్టు కళ్ళకి కడుతుంది. అదీ జరిగింది, కాదనను. కానీ చాలా భాగం టైమ్‌టేబుల్ ప్రకారం, రసీదులతో జరిగింది. క్యాంపులకి తోలిన రైళ్ళకి జర్మన్ రైల్వే మనిషికి ఇంత అని మూడో తరగతి ఛార్జీ లెక్కగట్టింది. పదేళ్ళలోపు పిల్లలకి సగం టిక్కెట్టు. నాలుగేళ్ళలోపు వాళ్ళకి ఉచితం. 400 మందికి తగ్గకుండా ఉంటే గుంపు రాయితీ. దీన్ని ఊచకోత అంటే ఆ గుమాస్తాలందరూ తప్పించుకుపోతారు.

ఆ సీరియల్‌లో నాకు బాగా గుర్తుండిపోయినవాడు కూడా వైస్ కుటుంబంలోవాడు కాదు, డోర్ఫ్ అనే లాయరు. ఉద్యోగం లేక భార్య పోరుతో నాజీల ఎస్ఎస్ దళంలో చేరతాడు. పైవాళ్ళకి అతను నచ్చేది మాటల పనితనంతోనే. చంపడం అన్న మాట రాకుండా చంపమని రాయగలడు. ఆ మాటలు నిజంగా వాడినవే: ప్రత్యేక చర్య, తరలింపు, తుది పరిష్కారం. ఒక మాటకి తెలుగు చేయబోయి ఆగిపోయాను. 'ఉమ్‌సీడ్లుంగ్' అంటే ఉన్నచోటు నుంచి లేపి ఇంకోచోట స్థిరపరచడం. తెలుగులో దానికి సరైన మాట పునరావాసం! ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాళ్ళకి ఆఫీసులో చెప్పే మాట. అనువాదం మాత్రం అదే పెట్టాలి. విన్నవాళ్ళు నమ్మి పెట్టె సర్దుకున్నది అది అంత మామూలు మాట కాబట్టే.

(మధ్యలో 'హోలోకాస్ట్' అనాలా, ఉకారం పెట్టి 'హోలోకాస్టు' అనాలా అని ఒక పెద్దాయన లేవనెత్తారు. దాని మీద వచ్చినన్ని కామెంట్లు పై దేనికీ రాలేదు. అది వేరే పోస్టుకి మార్చాం.)

గుంటూరు చెల్లి: ఒక చిన్న మాట. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. మనం 'యూదులు' అని రాసేటప్పుడు తెలుగులో చదివే యూదులు లేరనుకుని రాయొద్దు.

తెనాలి మాస్టారు: బాగా చెప్పావు తల్లీ. సరే, చచ్చినవాళ్ళ సంగతి అయింది. బతికినవాళ్ళని ఏమన్నావమ్మా వ్యాసంలో? 'మృత్యుంజయులు' అని ఉంటే నేను చదవను, ముందే చెప్తున్నా.

పోస్టు పెట్టిన నేను: ఎడిటర్ గారు అదీ పెట్టారు మాస్టారూ! బోరుబావిలోంచి తీసిన పిల్లాడికీ అదే, ఆష్విట్జ్ నుంచి వచ్చిన ముసలమ్మకీ అదే. చావుని గెలిచారంటే గెలవనివాళ్ళు చేతకానివాళ్ళని అర్థం రాదూ? 2024లో వచ్చిన సీరియల్ ఒకటుంది, 'వి వర్ ద లక్కీ వన్స్', అంటే 'మేం అదృష్టవంతులం' అని. పోలండ్‌లో రాడోమ్ అనే ఊరి కుర్ట్స్ కుటుంబం కథ. ఇది నిజమైన కుటుంబమే. తల్లిదండ్రులు, ఎదిగిన ఐదుగురు పిల్లలు. ఒకడు సైబీరియాకి, ఒకడు బ్రెజిల్‌కి, కొందరు వార్సాలో దొంగ పేర్లతో. అందరూ మిగిలారు. పోలండ్‌లో 33 లక్షల మంది యూదులుంటే 30 లక్షల మంది పోయారు. ఆ లెక్క తెలిసినవాళ్ళు కాబట్టి పేరులో తమని అదృష్టవంతులమనే చెప్పుకున్నారు. వీరులమనలేదు.

'బతికిపోయారు' అందామంటే వెటకారంగా ఉంటుంది. 'బతికి బట్టకట్టారు' నాకిష్టమైన నుడికారం. కానీ క్యాంపుకి రాగానే ముందు ఊడబీకింది బట్టలే, కట్టించింది చారల బట్ట. అక్కడ ఆ నుడికారం మరీ నిజమైపోతుంది.

గుంటూరు చెల్లి: వాళ్ళని వాళ్ళు ఏమనుకున్నారక్కా?

పోస్టు పెట్టిన నేను: యుద్ధం అయ్యాక జర్మనీలోని నిరాశ్రయుల క్యాంపుల్లో వాళ్ళు పెట్టుకున్న పేరు 'షెఎరిత్ హప్లేతా'. తప్పించుకున్న శేషం. ఇందాకటి యెషయా 10వ అధ్యాయంలోనే కిందకి వస్తే మీ తెలుగు బైబిల్లో 'ఇశ్రాయేలు శేషము' అని ఉంటుంది చూడు.

తెనాలి మాస్టారు: శేషం! అమ్మా, ఆ మాట మన ఇళ్ళలో ఎక్కడ వింటామో గమనించావా? ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదంటారు. నేను పిల్లలకి నీతి అని చెప్పిన మాట అది, ముప్ఫై ఏళ్ళపాటు.

పోస్టు పెట్టిన నేను: 1943 అక్టోబర్‌లో ఎస్ఎస్ అధిపతి హిమ్లర్ నాజీ పార్టీ నాయకులకి చెప్పింది కూడా అదే మాస్టారూ. పిల్లల్ని ఎందుకు చంపాలంటే, పెద్దయి పగ తీర్చుకుంటారని. మీ మాట చదివాక వ్యాసంలో 'మృత్యుంజయులు' కొట్టేసి 'శేషంగా మిగిలినవాళ్ళు' అని మార్చాను. సీరియల్ పేరు హోలోకాస్ట్‌గానే ఉంచాను. జరిగినదాన్ని మొదటిసారి చెప్పేచోట 'యూదుల జాతి నిర్మూలన, వాళ్ళ మాటలో షోఆ' అని రాసి, ఆ తర్వాత షోఆ అనే వాడాను. మారణహోమం ఒక్కచోట ఉంది, ఆ మాట ఎందుకు వాడలేదో చెప్పేచోట.

ఇప్పుడే ఎడిటర్ గారు ఫోన్ చేశారు. అన్నీ ఒప్పుకున్నారు. శీర్షిక మాత్రం 'మారణహోమంలో మృత్యుంజయులు' అని ముందే కంపోజ్ అయిపోయిందట.