లోన్ యాప్ అప్పు ముందు తీర్చాలా, అమ్మ కమ్మలు బ్యాంకులో పెట్టాలా?

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు. ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అన్నారు కాలేజీలో. హాల్ టికెట్ ఆగిపోతుందన్న టెన్షన్‌లో ఓ యాప్‌లో 8,000 తీసుకున్నా. ప్రాసెసింగ్ ఫీజు 800, దాని మీద జీఎస్టీ 144 కోసుకుని, చేతికొచ్చింది 7,056. కట్టాల్సింది మాత్రం నెలకు 3,000 చొప్పున మూడు నెలలు! మా ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లని తిట్టుకునేవాణ్ణి, వాళ్లే నయం. ఇది కాక రూమ్మేట్‌కి 5,000 బాకీ. వాడు అడగడు, అదే ఇబ్బంది.

నాన్న పంపే 5,000, ట్యూషన్ చెప్తే వచ్చే 4,000. రూమ్, మెస్, బస్ పాస్ పోగా మిగిలేది 2,400. ఒక ఈఎంఐ ఎలాగో కట్టాను, రెండోది 5వ తేదీన.

అమ్మకి మాత్రమే చెప్పాను. కమ్మలు బ్యాంకులో పెడదాం, నూటికి నెలకు రూపాయి వడ్డీ కూడా పడదు అంటోంది. లెక్క ప్రకారం అదే కరెక్టు, కానీ మనసొప్పట్లేదు. పైగా నాన్నకి తెలిస్తే ఇంట్లో గొడవ.

మిగిలిన రెండు ఈఎంఐలు ఒకేసారి కట్టేస్తే వడ్డీ ఏమైనా తగ్గిస్తారా? ఒక్క నెల ఆలస్యమైతే సిబిల్ స్కోరు ఎంత దెబ్బతింటుంది? వచ్చే ఏడాది ఎడ్యుకేషన్ లోన్‌కి వెళ్లాలి, అందుకే భయం. ఇలాంటిది దాటినవాళ్లు చెప్పండి ప్లీజ్. ఇంకో యాప్‌లో తీసుకుని ఇది కట్టమని మాత్రం చెప్పొద్దు.