ఊపిరితిత్తుల పరీక్షలో ప్రామాణిక విలువలు లెక్కించేటప్పుడు శరీరంలోని కొవ్వును కూడా చూడాలా?

శ్వాసరేఖ:
స్పైరోమెట్రీలో మనిషి ఊదిన గాలిని ఏ ప్రామాణిక విలువతో పోలుస్తారో, దాన్ని వయసు, ఎత్తు, లింగం ఆధారంగా లెక్కకడతారు. గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనిషియేటివ్ 2012 సమీకరణాల్లో జాతి కూడా ఉండేది. 2022లో దాన్ని తీసేశారు. బరువుకు మాత్రం రెండింటిలోనూ చోటు లేదు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఉదరవితానాన్ని (డయాఫ్రమ్‌ను) సరిగ్గా కిందికి దిగనివ్వదు కనుక నిండుగా పీల్చి బలంగా పూర్తిగా ఊదే గాలి పరిమాణం, అంటే ఎఫ్‌వీసీ, తగ్గుతుంది. జబ్బు లేని ఊపిరితిత్తులను అనుమానించే పరిస్థితి రాకుండా నడుము చుట్టుకొలతనైనా లెక్కలో చేర్చకూడదా?

నిలకడ:
చేర్చకూడదనే నా గట్టి అభిప్రాయం. ఎత్తు ఛాతీ పరిమాణాన్ని సూచిస్తుంది, పెద్దయ్యాక చాలాకాలం పెద్దగా మారదు. కొవ్వు అలా కాదు, పెరుగుతుంది, తగ్గుతుంది. ఒక వ్యక్తి బాగా లావెక్కి ఎఫ్‌వీసీ పడిపోయిందనుకుందాం. నడుము కొలతను చేర్చిన సమీకరణంలో ప్రామాణిక విలువ కూడా దానితోపాటే దిగుతుంది, ఆ విలువతో పోల్చి చెప్పే శాతం మునుపటిలాగే కనిపిస్తుంది, ఆయాసంతో వచ్చిన మనిషికి అంతా బాగుందని నివేదిక చెబుతుంది. బరువు తగ్గితే చాలామందిలో ఆ సామర్థ్యం కొంత తిరిగి వస్తుంది. అలా తిరిగి రాగల నష్టాన్ని సహజమని నమోదు చేయడం రోగికి అన్యాయం.

కొలమానం:
ఏ కొవ్వు అన్నది కూడా చూడాలి. బీఎంఐ కండకూ కొవ్వుకూ తేడా చూపదు. కండ వల్ల బరువు పెరిగినవారిలో ఎఫ్‌వీసీ ఎక్కువగానే ఉండవచ్చు. బీఎంఐ ఒకటే అయినా తుంటి దగ్గర కొవ్వు ఉన్నవారికంటే పొట్ట దగ్గర ఉన్నవారికే ఊపిరి ఎక్కువగా కుదించుకుపోతుంది. పైగా స్థూలకాయంలో ముందుగా, బాగా దెబ్బతినేవి మామూలుగా గాలి వదిలాక లోపల మిగిలే ఎఫ్‌ఆర్‌సీ, ఇంకా బలంగా ఊదితే బయటికి వచ్చే ఈఆర్‌వీ. వీటిలో ఎఫ్‌ఆర్‌సీని స్పైరోమెట్రీ అసలు కొలవలేదు. మొదటి సెకనులో ఊదే గాలి అయిన ఎఫ్‌ఈవీ1, ఎఫ్‌వీసీ దాదాపు కలిసే తగ్గుతాయి కాబట్టి వాటి నిష్పత్తి పెద్దగా మారదు, ఆ నిష్పత్తి చూసి చేసే ఉబ్బసం వంటి అవరోధ వ్యాధుల నిర్ధారణ అంతగా తప్పదు. ఎఫ్‌వీసీ తక్కువగా వస్తే సమీకరణాన్ని మార్చడంకన్నా మొత్తం ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిపించడం మేలు. తీవ్రమైన స్థూలకాయం ఉంటే తప్ప అది సాధారణంగా మామూలు హద్దుల్లోనే ఉంటుంది.

శ్వాసరేఖ:
శాతం మారకుండా ఉండిపోతుందన్న ‘నిలకడ’ గారి వాదన నన్ను ఒప్పించింది, సమీకరణాన్ని అలాగే ఉంచుదాం. అయితే మొత్తం సామర్థ్యాన్ని కొలిచే యంత్రం అన్నిచోట్లా ఉండదు కదా. అందుకే నడుము కొలతనూ బరువునూ నివేదికలోనే ఎఫ్‌వీసీ పక్కన తప్పనిసరిగా ముద్రించాలని కోరుతున్నాను. ఆ రెండూ కనిపిస్తే చదివే వైద్యుడు తక్కువ అంకెకు కారణం ఊపిరితిత్తుల్లో ఉందా, పొట్టలో ఉందా అని ఆలోచించగలడు. అవి లేకపోతే రోగిని చూడకుండా నివేదిక మాత్రమే చదివేవారికి ఆ అవకాశం ఉండదు.