ఎస్పీఎల్‌ని పిల్లలు ఓటేసి ఎన్నుకోవాలా, టీచర్లే నియమించాలా?

సోషల్ టీచర్:
మాది జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు నుంచి పది వరకు 240 మంది పిల్లలు. పోయినేడు స్కూల్ ప్యూపిల్ లీడర్, అదే ఎస్పీఎల్ ఎన్నిక నేనే దగ్గరుండి జరిపించాను. నామినేషన్లు, గుర్తులు, అట్టపెట్టెతో బ్యాలెట్ బాక్సు, వేలికి మార్కర్ పెన్నుతో చుక్క, అన్నీ పెట్టాం. పిల్లలు లైన్లో నిలబడిన తీరు చూస్తే ముచ్చటేసింది. ముందురోజు సాయంత్రం ఒకబ్బాయి తరగతికో చాక్లెట్ల ప్యాకెట్ పంచాడని ఫలితం వచ్చాక తెలిసింది. పిల్లల మాటల్ని బట్టి చూస్తే, ఏ వాడ పిల్లలు ఆ వాడ వాళ్ళకే వేసుకున్నారు.

ఈసారి మా హెడ్మాస్టర్ గారు ఎన్నికలొద్దు, స్టాఫ్ మీటింగులో పేరు ఖాయం చేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఓటు హక్కు పాఠం చెప్పేది నేనే, మీకు ఓటు లేదని ఆ పిల్లలకే చెప్పాల్సిందీ నేనే. మీ బడుల్లో ఎలా చేస్తున్నారు?

ఇద్దరు పిల్లల నాన్న:
హెడ్మాస్టర్ గారి మాటే కరెక్ట్ మేడం. మా పాప చదివే ప్రైవేటు స్కూల్లో రెండేళ్ళ కిందట ఓటింగ్ పెట్టారు. ఓడిపోయిన పిల్ల వారం రోజులు బడికి రానని ఏడ్చింది. ఆ వయసులో ఆ టెన్షన్ ఎందుకండీ? ఎవరు బాధ్యతగా ఉంటారో రోజూ చూసే టీచర్లకి తెలియదా?

హాస్టల్ పాత విద్యార్థి:
టీచర్లకి తెలుస్తుందన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. మార్కులు బాగా వస్తాయని తొమ్మిదో తరగతిలో నన్ను సార్లే లీడర్‌ని చేశారు. నాకిచ్చిన పని ఒక్కటే. సార్ బయటికెళ్తే బోర్డుకి ఎడమ పక్కన గీత కొట్టి, మాట్లాడినవాళ్ళ పేర్లు రాయడం. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. ఎన్ని ఇంటూలు పడితే అన్ని దెబ్బలు.

ఒకరోజు నా పక్క మంచం వాడి పేరు రాశాను. వాడికి ఒళ్ళు కాలిపోతోంది, కాసిని నీళ్ళు తెచ్చిపెట్టమని పక్కవాణ్ణి అడిగాడు. అది నాకు వినిపించింది కూడా. వాడి పేరు వదిలేస్తే ఫ్రెండని వదిలేశావంటారని రాసేశాను. దెబ్బలు తిని వచ్చి కూర్చున్నాడు, నావైపు చూడలేదు. పరీక్షలయ్యి ఇళ్ళకి పోయేదాకా మా రెండు మంచాల మధ్య మాటల్లేవు.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. టీచరే కొట్టకూడదన్నాక, ఎవర్ని కొట్టాలో ఆ చిట్టా పిల్లాడి చేత రాయించడం ఏం న్యాయం? ఓటుతో గెలిచినా, టీచర్లు పెట్టినా, ఆ సుద్దముక్క చేతికిస్తే ఎవడైనా నాలాగే అవుతాడు.

లెక్కల మాష్టారు:
నీ బాధ అర్థమైంది బాబూ. కానీ మా బడిలో లెక్కలకి నేనొక్కణ్ణే. ఒకే పీరియడ్‌లో రెండు తరగతులు చూసుకోవాల్సిన రోజులుంటాయి. పక్క గదిలో ఎవడో కిటికీ ఎక్కి కింద పడితే తల్లిదండ్రులకి జవాబు చెప్పేది నేను. ఓటింగ్ పెడితే నవ్వించేవాడు గెలుస్తాడు, ఆపగలిగేవాడు గెలవడు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
మాష్టారూ, మీ ఇబ్బంది నేనూ పడ్డాను. అయితే లీడరంటే అదుపు చేసేవాడన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. ఇంగ్లండులో రగ్బీ స్కూలుకి 1828లో హెడ్మాస్టరుగా వచ్చిన థామస్ ఆర్నాల్డ్ బడి క్రమశిక్షణని పై తరగతి పిల్లల మీదే పెట్టాడు. ఆ ప్రిఫెక్ట్ పద్ధతే మన కాన్వెంట్లకి దిగింది.

అంతకన్నా ముందు మన దగ్గర ఇంకో సంగతి జరిగింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్, ఊరి బడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలోనూ పెట్టాడు. అక్కడి టీచర్లకి అది నచ్చకపోతే, ఒక పిల్లాడి చేతే చిన్నవాళ్ళకి చెప్పించాడు. 1797లో లండన్లో దాని గురించి పుస్తకం వేశాడు, 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది. అందులోనూ లోపాలున్నాయి. నాకు పనికొచ్చింది మాత్రం ఒక్కటే: అక్కడ పెద్ద పిల్లాడి చేతిలో ముందు పెట్టింది పాఠం.

నా చివరి బడిలో జూన్, జులైల్లో ఎస్పీఎల్‌ని పెట్టలేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలందరికీ వారాల వంతున పని పంచాను. మధ్యాహ్న భోజనంలో చిన్నవాళ్ళని ముందు కూర్చోబెట్టడం, కోడిగుడ్లు లెక్క చూడటం, ఆరో తరగతిలో కూడబలుక్కుని చదివేవాళ్ళతో రోజూ పావుగంట చదివించడం. ఓటింగ్ ఆగస్టులో. అప్పటికి ఎవరు ఏం చేశారో అందరూ చూసేశారు. గెలిచింది ఎన్నడూ స్టేజీ ఎక్కని అమ్మాయి. గుడ్లు తక్కువొస్తున్నాయని నోటుబుక్కులో తేదీలవారీగా రాసి, ఏమీ మాట్లాడకుండా నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిన పిల్ల. ఆ పేజీ చూసి నాకు చెమటలు పట్టాయి. గుడ్ల లెక్క సరిపోయిందని నెలల తరబడి సంతకాలు పెట్టింది నేనే కదా.

ఇంటర్ ఫస్టియర్, మాజీ ఏఎస్పీఎల్:
మా స్కూల్లో నేను చదివిన అయిదేళ్ళూ ఎస్పీఎల్ అబ్బాయే, ఏఎస్పీఎల్, అంటే అసిస్టెంట్ లీడర్, అమ్మాయే. రూలు ఎక్కడా లేదు, అలా జరిగిపోతుందంతే. నా పని అతిథులొస్తే బొకే ఇవ్వడం, ప్రేయర్లో ప్రతిజ్ఞ చెప్పించడం. మా బాత్రూం తలుపుకి ఏడాదంతా గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఎస్పీఎల్‌కి ఆ సంగతి తెలియదు, నన్ను అడిగినవాళ్ళు లేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో మహిళలకి 50 శాతం సీట్లున్నాయి కదా. ఒక ఏడాది అమ్మాయిలకే అని బడిలో పెడితే తప్పేంటి?

ఇద్దరు పిల్లల నాన్న:
గడియ మాట చదివి మా పాపని అడిగాను. వాళ్ళ స్కూల్లో ఉందట. హెడ్మాస్టర్ గారూ, గెలిచాక పని మానేస్తే దించే వీలుందా?

రిటైర్డ్ హెడ్మాస్టర్:
దసరా సెలవులయ్యాక మళ్ళీ చిట్టీలు వేయించేవాళ్ళం. 'ఉండాలి', 'మారాలి', రెండే మాటలు. ఒక్కసారే మారారు. దిగిపోయిన అబ్బాయి మాత్రం చదివించే పని మానలేదు.

సోషల్ టీచర్:
చాక్లెట్లు పంచిన అబ్బాయిని ఇవాళ పిలిచి, కోప్పడకుండా అడిగాను. "ఏం చేస్తానో చెప్పి ఓటడుగుదామంటే, ఎస్పీఎల్ ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు టీచర్" అన్నాడు. నిజమే, నేను గుర్తులిచ్చాను గానీ పని చెప్పలేదు.

ఆగస్టు దాకా ఆగుదామని సోమవారం మా హెడ్మాస్టర్ గారిని అడుగుతాను. బోర్డు మీద పేర్లు రాయించడం నా పీరియడ్‌లో రేపటి నుంచే మానేస్తున్నాను. రిటైర్డ్ హెడ్మాస్టర్ గారూ, వారాల వంతు పంచిన కాగితం ఇంకా మీ దగ్గర ఉంటే ఫోటో పెట్టండి. మాకు తొమ్మిదిలో రెండు సెక్షన్లు, పదిలో రెండు.