రిటైరయ్యాక బుధవారాలు ఏం చేయాలండీ?

లంక సిస్టరమ్మ:

అందరికీ నమస్కారం. కోనసీమలో ఏఎన్ఎంని, అంటే ఊళ్లలో తిరిగే నర్సుని. 1988లో చేరాను, వచ్చే జూన్ నెలాఖరుకి 62 నిండి రిటైరవుతున్నాను.

మాకు బుధవారం, శనివారం టీకాల రోజులు. పొద్దున్నే పీహెచ్‌సీకి వెళ్లి టీకాల డబ్బాలో నాలుగు ఐస్‌ప్యాక్‌లు సర్దుకుని, రేవు దగ్గర పడవెక్కి లంకలోకి, అంటే గోదావరి మధ్య దిబ్బ మీదున్న ఊళ్లోకి వెళ్లాలి. ఎండాకాలం అయితే పడవ దిగాక ఇసుకలో నడక. ఇన్నేళ్లలో నాకు వారం అంటే ఆ రెండు రోజులే. మిగతావి వాటి మధ్యలో వచ్చేవి.

మా అమ్మాయి ఒక నోట్‌బుక్ కొనిచ్చి "అమ్మా, రిటైరయ్యాక నీ గోల్స్ పది రాసుకో" అంది. కూర్చుని రాశాను. కాశీ వెళ్లడం, మనవడికి తెలుగు నేర్పడం, రోజూ వాకింగ్, రెండు గేదెలు (ఇది అదే రోజు కొట్టేశాను)... చదువుకుంటే పక్కింటావిడ రాసినట్టుంది. నాకు నిజంగా కావాల్సింది సిగ్గేసి రాయలేదు.

నాకు ఈత నేర్చుకోవాలని ఉంది.

38 ఏళ్లుగా గోదావరి దాటుతున్నాను, ఈత రాదు. మా పడవ నడిపే ఆయన "భయపడకండి సిస్టరమ్మా, డబ్బా గట్టిగా పట్టుకోండి, మీరు మునిగినా అది తేలుతుంది" అని ఏడిపించేవాడు. 1986 ఆగస్టు వరదప్పుడు నేను ట్రైనింగులో ఉన్నాను, ఇల్లంతా నీళ్లు చూసి వచ్చినదాన్ని. 96 నవంబరు తుపాను తర్వాత క్లోరిన్ బిళ్లలు పంచుతూ తిరిగాను. 2022 జూలై వరదలో లైఫ్ జాకెట్ ఇచ్చి పడవెక్కించారు, అది వేసుకుని కూడా వణికాను. పిల్లలకి ధైర్యం చెప్పేది మాత్రం నేనే!

ఈ వయసులో వస్తుందా? మోకాళ్లు ఒప్పుకుంటాయా? నేను చీర తప్ప వేరే కట్టి ఎరగను. ఊళ్లో నవ్వరూ?

కాలవగట్టు:

అమ్మా నమస్తే. నేను ఇరిగేషన్‌లో లస్కర్‌గా, అంటే కాలవ నీళ్లు చూసుకునే పనిలో చేసి రిటైరయ్యాను. ఒక్కటే చెబుతాను, నదిలో గానీ కాలవలో గానీ మొదలుపెట్టొద్దు. మా చిన్నప్పుడు రెండు ఎండు కొబ్బరికాయలు కలిపి కట్టి చంకల కింద పెట్టుకుని కాలవలో దూకేవాళ్లం. ఇప్పుడు ఆ రోజులు కావు. ఇసుక తవ్వినచోట నిన్న మోకాలి లోతు ఉంటే ఇవాళ నిలువు మునుగుతుంది. లాకుల కింద సుడి పైకి కనపడదు, నేను చూశాను కాబట్టి చెబుతున్నా.

రిటైరైన మొదట్లో తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసేది. గేజీ మీద నీటిమట్టం చూసి రావడానికి చెప్పులేసుకునేవాణ్ణి. "మీ నీళ్లు ఇంకొకళ్లు చూసుకుంటారు, పడుకోండి" అనేది మా ఆవిడ. ఏడాది పట్టింది. జూన్‌లో కాలవకి నీళ్లు వదిలారంటే ఇప్పటికీ వెళ్లి గట్టు మీద నిలబడతాను. దాన్ని గోల్ అంటారో లేదో నాకు తెలీదు.

పాలకొల్లు పెద్దాయన:

మేడమ్, ఈతకి ముందు డబ్బు. రిటైర్మెంట్ డబ్బు చేతికి రాగానే బంధువులకి మీ మీద ప్రేమ ఎక్కువవుతుంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీం ఉంది. 30 లక్షల వరకు వేయొచ్చు, అయిదేళ్లు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. ముందు అందులో వేసి, ఆ తర్వాత అందరితో ప్రేమగా మాట్లాడండి. నేను ముందు మాట్లాడాను.

నేనూ పది గోల్స్ రాశాను. సంక్రాంతికి ఒక్కటే మిగిలింది, పొద్దున్నే సైకిల్ మీద చించినాడ వంతెన దాకా వెళ్లి వశిష్ఠ గోదావరి పాయ చూసి రావడం. మిగతా తొమ్మిదీ పోయినందుకు బాధ లేదు. ఒకటి యోగా.

రాజమండ్రి అత్తయ్య:

సిస్టరమ్మ గారూ, నేను 57 ఏళ్లకి నేర్చుకున్నాను! ఆడవాళ్లకి వేరే టైం, ఆడ కోచ్ ఉన్న కొలను చూసుకోండి. ముందు బీపీ, గుండె చూపించుకోండి, మీకు నేను చెప్పాలా. మోకాళ్ల నొప్పి ఉంటే కప్పలా కాళ్లు చాపి తన్నే ఈత వద్దని కోచ్‌కి మొదటే చెప్పండి, మోకాలు మెలిపడుతుంది. నాకు వెల్లకిలా ఈత బాగా పడింది.

మొదటి వారమంతా గట్టు పట్టుకుని నీళ్లలో మొహం పెట్టి బుడగలు ఊదడమే. ఏడుపొచ్చింది. తొమ్మిదో రోజు చేతులు వదిలితే ఒళ్లు తేలింది, అప్పుడూ ఏడిచాను.

బట్టల సంగతి: చేతులు, కాళ్లు నిండుగా ఉండే ఈత డ్రస్సులు దొరుకుతున్నాయి. నవ్వేవాళ్లు నవ్వుతారు. మా ఆడపడుచు మొదటి రోజే వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. నెల తిరక్కుండా తనే "వదినా, ఫీజెంత?" అని అడిగింది.

లంక సిస్టరమ్మ:

అందరికీ థాంక్స్ అండీ. పాలకొల్లు వారి మాట విని పోస్టాఫీసుకి వెళ్లి ఫారం తెచ్చుకున్నాను. మా అబ్బాయికి చెప్పలేదు.

కొలను ఉన్న టౌనుకి మా ఊరి నుంచి బస్సులో గంట పైనే. రోజూ కుదరదు. అందుకే జూలై నుంచి బుధవారం, శనివారం అనుకున్నాను. డబ్బా సర్దుకునే టైముకే బయలుదేరతాను, బ్యాగులో తువ్వాలు ఉంటుంది అంతే. నోట్‌బుక్‌లో మిగతావి కొట్టేశాను, కాశీ ఉంచాను. అమ్మాయికి ఫోన్ చేసి చెబితే ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత "నువ్వా?" అంది.

రాజమండ్రి వదిన గారూ, ఆ డ్రస్సుకి షాపులో సైజు ఎలా చెప్పాలి? జాకెట్టు కొలత చెబితే సరిపోతుందా?