అన్నం మధ్యలో నీళ్లు తాగితే అరగదా?

రాజోలు కోడలు:
మా మామగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. కంచం పక్కన చెంబు లేనిదే ముద్ద ఎత్తరు. మా వారు ఎక్కడో వీడియో చూసి, భోజనానికి అరగంట ముందు, తిన్నాక గంటన్నరకు తప్ప నీళ్లు ముట్టకూడదని ఇంట్లో రూలు పెట్టారు. తాగితే కడుపులో యాసిడ్ పలచబడి అన్నం కుళ్లిపోతుందట. నిన్న పొద్దున ఉప్మా ఆయన గొంతుకు అడ్డం పడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చెంబు అడక్కుండా కొడుకు మొహం వంక చూశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇందులో నిజమెంత?

ప్రకృతి బాట:
పెద్దాయనకు మినహాయింపు ఇవ్వండి, మిగతావాళ్లు పాటించాల్సిందే. జఠరాగ్ని అని ఊరికే అన్నారా? మధ్యలో నీళ్లు మానేశాక నాకు కడుపుబ్బరం, పుల్లతేన్పులు తగ్గాయి. బాగా నమిలితే లాలాజలమే చాలు.

బయాలజీ మాస్టారు:
యాసిడ్ పలచబడటం సంగతి లెక్క వేసి చూద్దాం. పులుపు ఎంతో చెప్పే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. జఠరరసం పీహెచ్ 2 ఉందనుకోండి. దానికి సమానంగా నీళ్లు కలిపితే 2.3 అవుతుంది, అంతే. మాంసకృత్తులను విడగొట్టే పెప్సిన్‌కు అదేమీ అడ్డు కాదు. నిజానికి నీళ్లకంటే ఎక్కువగా యాసిడ్‌ను విరిచేది మనం తినే పప్పూ కూరలే. భోజనం పడగానే పీహెచ్ 4, 5 దాకా పెరుగుతుంది. అప్పుడు గ్యాస్ట్రిన్ అనే హార్మోను రక్తంలో కలిసి, జఠరం గోడల్లోని కణాల చేత మళ్లీ యాసిడ్ ఊరిస్తుంది. పులుపు సరిపడా చేరగానే ఊరడం తగ్గుతుంది. ఆ వీడియో వాళ్లు కడుపును ఒకసారి యాసిడ్ నింపి మూత బిగించిన సీసాలా చూపిస్తున్నారు. అసలు పొరపాటు అక్కడే ఉంది.

పైగా అన్నంలోని పిండిపదార్థం ముఖ్యంగా అరిగేది చిన్నపేగులో. అక్కడికి చేరగానే క్లోమం బైకార్బనేటు వదిలి ఆ యాసిడ్‌ను తానే విరిచేస్తుంది. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు రసాలు అన్నీ కలిపితే రోజుకు సుమారు 7 లీటర్ల ద్రవాన్ని ఒళ్లే పేగుల్లోకి వదిలి, దాదాపు అంతా మళ్లీ పీల్చుకుంటుంది. గ్లాసుడు నీళ్లకు ఈ ఏర్పాటు చెడదు.

గోంగూర పచ్చడి:
చారన్నం, మజ్జిగన్నం సంగతేమిటి? అందులో ఉన్నది నీళ్లే కదా! తరతరాలుగా అరిగించుకుంటూనే ఉన్నాం.

చరకుడి శిష్యుడు:
ఆయుర్వేదం పేరుతో ఈ నిషేధం చెప్పడం నాకు బాధగా ఉంది. కడుపులో రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు పానీయానికి, ఒక పాలు గాలికి వదలమన్నాడు ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం రాసిన వాగ్భటుడు. భోజనానికి ముందు నీళ్లు తాగితే చిక్కుతారు, చివర తాగితే లావెక్కుతారు, మధ్యలో తాగితే సమంగా ఉంటారు అన్నదీ ఆయనే. ఆ వీడియోలో ఆడిపోసుకున్నది ఆ మధ్యలో నీళ్లనే.

ప్రకృతి బాట:
మరి నా ఉబ్బరం ఎందుకు తగ్గినట్టు? నా అనుభవం అబద్ధమా?

బయాలజీ మాస్టారు:
అబద్ధం కాదండీ. గబగబా తింటూ సీసాడు నీళ్లు గటగటా తాగితే వాటితో పాటు గాలీ లోపలికి పోతుంది, కడుపు సాగుతుంది. అన్నవాహిక కింది కండరం వదులుగా ఉన్నవాళ్లకు పులుపు పైకి ఎగదన్నేదీ అందుకే. అలాంటివాళ్లు కొద్దికొద్దిగా తాగడం మంచిదే. కానీ అది యాసిడ్ పలచబడటం వల్ల వచ్చిన తిప్పలు కాదు. మీకు సరిపడిన అలవాటును ఇంటిల్లిపాదికీ రూలు చేయడం మీదే నా అభ్యంతరం.

ప్రకృతి బాట:
నేనైతే భోజనంలో నీళ్లు మానేసే ఉంటాను. అన్నం కుళ్లుతుందన్న మాట మాత్రం ఇక అనను.

రాజోలు కోడలు:
ఇదంతా మా వారికి చదివి వినిపించాను. పీహెచ్ లెక్క దగ్గర ఇంకా వాదిస్తున్నారు గానీ, మధ్యాహ్నం చెంబు తనే నింపి పెట్టారు.

బయాలజీ మాస్టారు:
సంతోషం అమ్మా. ఒక్క సంగతి మాత్రం అశ్రద్ధ చేయకండి. ముద్ద అడ్డం పడటం మామగారికి తరచూ జరుగుతోందా? నీళ్లు తాగినా పొలమారుతోందా? ఆ వయసులో మింగడమే కష్టమవుతూ ఉండొచ్చు. అలాగైతే చెంబు పెట్టి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.