రెండు ఎల్‌ఎస్‌పీలుంటే లోడ్ సగం సగమా, బ్యాండ్‌విడ్త్ లెక్కనా?

కొండకింద_నెట్: తిరుపతి నుంచి చెన్నైకి మాకు రెండు ఆర్‌ఎస్‌వీపీ ఎల్‌ఎస్‌పీలు (బ్యాండ్‌విడ్త్ ముందే రిజర్వ్ చేసి నెట్‌వర్క్‌లో వేసుకున్న దారులు) ఉండాయి, పుత్తూరు తిరుత్తణి మీద పోయేది 8 జీ (సెకనుకు 8 గిగాబిట్లు), చిత్తూరు వేలూరు మీద చుట్టుకొని పోయేది 2 జీ, మెట్రిక్ (దారి ఖర్చు లెక్క) రెండిటికీ ఒకటే. జూనిపర్ రౌటర్ సగం సగం పంచతా ఉండాది. గరుడసేవ రాత్రి అందరూ లైవ్ పెట్టుకుంటే చిత్తూరు దారి నిండి ప్యాకెట్లు రాలిపోతాయి, పుత్తూరు దారి సగం కూడా నిండదు. మా సీనియరన్న సగం సగమే ఉండనీ, ఏదన్నా తెగితే వెతుక్కునేది సులువు అంటాడు. నేను ఒప్పుకోను, 8:2 గానే పంచాల. మీరేమంటారు?

పాకాల_జంక్షన్: అన్న మాటలో న్యాయం ఉంది తమ్ముడూ. ఆ 8 జీ దారి తెగిందంటే మొత్తం 2 జీ మీదే పడతాది, అప్పుడు నీ లెక్క ఏం కాపాడతాది?

కొండకింద_నెట్: తెగితే సగం సగం మాత్రం కాపాడతాదా అన్నా? రెండూ బాగున్న రోజే జనానికి వీడియో ఆగిపోతా ఉండాది, నా బాధ అది.

మదనపల్లె_రౌటర్: తమ్ముడు చెప్పిందే కరెక్టు. ఆర్‌ఎస్‌వీపీ కింద లోడ్-బ్యాలెన్స్ బ్యాండ్‌విడ్త్ అని పెట్టు, ఫార్వర్డింగ్ టేబుల్‌కి (ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పే పట్టిక) పర్-ప్యాకెట్ పాలసీ ఎట్లాగూ ఉండే ఉంటాది, పేరు చూసి బెదరొద్దు, అది పంచేది ఫ్లో (ఒకే కనెక్షన్ ప్యాకెట్ల గుంపు) లెక్కనే, ప్యాకెట్లు ముందూ వెనకా కావు. సిస్కోలో అయితే టనెల్ (అక్కడ ఎల్‌ఎస్‌పీకి పేరు) కింద లోడ్-షేర్ విలువ ఇస్తాం. కానీ ఒకటి, ఆటో-బ్యాండ్‌విడ్త్ (ట్రాఫిక్ చూసి రిజర్వేషన్ తానే మార్చేది) ఆన్‌లో ఉంటే మాత్రం జాగ్రత్త, ఏ దారి ఎక్కువ మోస్తే దానికే రిజర్వేషన్ పెరుగుతాది, రిజర్వేషన్ పెరిగితే మళ్ళా దానికే ట్రాఫిక్, ఇంక నీ 8:2 ఏడుంటాది. అంకెలు చేత్తో రాసి పెట్టు.

పాకాల_జంక్షన్: సరే, ఆటో లేకపోతే నేనూ ఒప్పుకుంటా. అయినా 8:2 అనేది ఫ్లోల లెక్కే గానీ బైట్ల లెక్క కాదు. ఒక పెద్ద సూడోవైర్ (రెండు చోట్ల మధ్య నేరుగా తీగ వేసినట్టు నడిచే లింకు) వచ్చి 2 జీ వైపు కూర్చుందంటే నిష్పత్తి ఏం చేస్తాది?

మదనపల్లె_రౌటర్: అది నిజమే. అట్లాంటిదాన్ని 8 జీ ఎల్‌ఎస్‌పీకే కట్టెయ్యాల. మధ్యలో లింకులు కట్టగట్టి ఉంటే అక్కడి రౌటర్లు పంచేదానికి సూడోవైర్‌కి ఫ్లో లేబుల్ (ఏ ఫ్లోనో చెప్పే గుర్తు), 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 6391, మిగతాదానికి అట్లాంటి పనే చేసే ఎంట్రోపీ లేబుల్, 2012 నాటి 6790. రెండు కొసలూ సపోర్ట్ చేయాల. కంట్రోల్ వర్డ్ (సూడోవైర్ ప్యాకెట్ ముందు పెట్టే చిన్న హెడర్) మర్చిపోవద్దు, అది లేకుంటే 4తోనో 6తోనో మొదలయ్యే మ్యాక్ అడ్రస్ చూసి మధ్య రౌటర్ ఐపీ ప్యాకెట్ (అదీ 4తోనో 6తోనో మొదలవుతాది) అనుకొని తప్పుగా హ్యాష్ చేస్తాది, అంటే దారి ఎంచే లెక్క తప్పతాది.

కొండకింద_నెట్: మా దాంట్లో ఆటో ఆఫ్‌లోనే ఉండాది అన్నా. పెద్ద సూడోవైర్ ఒకటుంది, దాన్ని ముందు పుత్తూరు దారికి కట్టి, తర్వాత 8:2 పెడతా, సీనియరన్నకి గ్రాఫులు చూపించి ఒప్పిస్తా.