నాన్నగారికి క్లోమ క్యాన్సర్: మేము కూడా జన్యు పరీక్ష చేయించుకోవాలా?

కందుకూరు రైతుబిడ్డ:
మా నాన్నగారికి 62 ఏళ్ల వయసులో క్లోమంలో క్యాన్సర్ ఉందని గత నెలలో తేలింది. పొగాకు బ్యారన్ల దగ్గర బతికిన మనిషి, చుట్ట అలవాటు కూడా ఉంది కనుక అదే కారణమనుకున్నాము. అయితే మా మేనత్త 45 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోయిందని విన్న డాక్టరు గారు, నాన్నగారికి జన్యు పరీక్ష చేయించమన్నారు. మా అమ్మానాన్నలది మేనరికం. ఈ జబ్బుకు అదే మూలమా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కావలి టీచరు:
తమ్ముడూ, మా అమ్మకు ఇదే జబ్బు వచ్చినప్పుడు బీఆర్‌సీఏ2 జన్యువులో మార్పు బయటపడింది. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేయడం ఆ జన్యువు పని కనుక, అది చెడిన కుటుంబంలో ఒకరికి రొమ్ములో, మరొకరికి క్లోమంలో, ఇంకొకరికి ప్రోస్టేటులో క్యాన్సర్ రావచ్చు. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ చెడిన జన్యువు ఒక్కటి సంక్రమించినా ముప్పు ఉంటుంది. ఆడపిల్లయినా మగపిల్లవాడయినా సంక్రమించే అవకాశం నూటికి 50. కనుక మేనరికాన్ని నిందించవద్దు. ఆ మాటతోనే మా బంధువులు అమ్మను చివరి రోజుల్లో ఎంతో బాధపెట్టారు. అయితే మీ అమ్మగారిదీ అదే రక్తం కాబట్టి, నాన్నగారిలో మార్పు తేలితే ఆమెకూ పరీక్ష అవసరమవుతుంది. ముందు మాత్రం జబ్బు ఉన్నవారికే చేయించండి. ఏ మార్పో తెలిస్తే మిగిలినవారిలో ఆ ఒక్కదాని కోసం వెతికితే చాలు. మా ఇంట్లో నాకు ఉంది, తమ్ముడికి లేదు.

ఒంగోలు నర్సు:
ఒక పొరపాటు తరచూ చూస్తున్నాను. కణితి ముక్కకు చేసే పరీక్ష వేరు, పుట్టుకతో వచ్చిన మార్పుల కోసం రక్తంతో చేసే పరీక్ష వేరు. క్లోమ కణితుల్లో నూటికి 90 వరకు కేఆర్ఏఎస్ అనే జన్యువులో మార్పు కనబడుతుంది. అది కణితిలోనే పుట్టినది, పిల్లలకు రాదు. ఆ రిపోర్టు చూసి ఒక కుటుంబం కూతురి పెళ్లి మాటలే ఆపేసింది. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి సుమారు 10 కేసులే. బీఆర్‌సీఏ మార్పు ఉంటే ప్లాటినం మందుల కీమో బాగా పనిచేసే అవకాశం ఉంది, ఆ తరువాత ఓలపారిబ్ మాత్రలు వాడవచ్చునని 2019లో వెలువడిన ట్రయల్ ఫలితాలు చూపాయి. అందువల్ల ఈ పరీక్ష పిల్లల కోసమే కాదు, నాన్నగారి వైద్యం కోసం కూడా.

కావలి టీచరు:
నాకు ఏటా ఎంఆర్ఐ గానీ ఎండోస్కోపీతో చేసే అల్ట్రాసౌండ్ గానీ తీస్తున్నారు. పొగాకు మానడం మాత్రం జన్యువు ఎలా ఉన్నా అందరికీ అవసరమే.

కందుకూరు రైతుబిడ్డ:
అక్కా, సోమవారం నాన్నగారిని నెల్లూరు తీసుకువెళ్లి రక్తం ఇప్పిస్తాము. మేనత్త పిల్లలకు కూడా ఈ రాత్రే ఫోన్ చేస్తాను.